పాలిష్ పట్టిన కారు

నేను ఏ పనైనా ఒక పద్ధతిలో చేస్తానని మా బావకు నమ్మకం. అందుకే తన కారును అమ్మిపెట్టమని నన్ను అడిగాడు. అక్కను పెళ్లి చేసుకున్న నాటి నుంచి ఆయన బేతంచెర్లలో నాపరాళ్లకు పాలిష్ పట్టే యూనిట్ నడిపాడు. అది మూతపడింది, షెడ్డు చేతులు మారింది, నెలాఖరుకు ఖాళీ చేయాలి. లోపల మిగిలింది ఆ కారు ఒక్కటే.

ఇంగ్లండులో తయారైన ఆకుపచ్చ స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, పైకప్పు లేదు, ముందు భాగం పొడుగు. కూర్చుంటే నేల చేతికి అందుతుంది. గనుల్లో ఉద్యోగం మానుకుని వెళ్లిపోతున్న ఒక ఇంజినీరు దగ్గర బావ వయసులో ఉన్నప్పుడు కొన్నాడు. ఆదివారాలు అక్కను ఎక్కించుకుని కర్నూలులో మా ఇంటికి వచ్చేవాడు. అప్పటి నా డైరీల్లో ఆ రాకలు తరచూ కనిపిస్తాయి. అక్క దిగేసరికి తల నిండా దారి దుమ్ము, ముఖం నిండా నవ్వు.

ఇంజను తిరగక చాలా కాలమైంది. ఊళ్లో దాన్ని తీసుకుంటానన్నది పాత ఇనుము వ్యాపారి ఒక్కడే.

"కోసి తూకానికి ఇయ్యనప్పా. మళ్లా రోడ్డు మీద తిప్పేటోడు కావల్ల" అన్నాడు బావ. ఆయన కోరింది అంతే.

కారును అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి, పాత బండ్లు అమ్మే వెబ్‌సైటులో ప్రకటన పెట్టాను. కొందరు లీటరుకు ఎంత ఇస్తుందని అడిగారు. కొందరు నవ్వి ఫోన్ పెట్టేశారు. చివరికి బెంగళూరులో స్థిరపడిన తెలుగాయన ఒకరు ఫోన్ చేశారు. పాత కార్లను బాగుచేసుకుని నడపడం ఆయన సరదా. స్పీకర్ పెట్టి అందరం విన్నాం.

"ఆదివారం వస్తాను సార్. అంతవరకు దేన్నీ ముట్టుకోవద్దు, దుమ్ము కూడా తుడవద్దు. ఉన్నదున్నట్టు చూడాలి."

"శానా మర్యాదస్తుడు" అన్నాడు బావ.

మా వైపు ఇంటికి వచ్చేవాళ్లు ఏమీ వద్దనే అంటారు. తినేసి వస్తాం, ఏమీ పెట్టుకోవద్దు అని కబురు వస్తే ఆ పూట ఎసట్లో బియ్యం ఎక్కువ పడతాయి. వద్దన్నారు కదా అని ఊరుకున్న ఇంటి గురించి చుట్టాల్లో ఏళ్ల తరబడి చెప్పుకుంటారు. కొనేవాడి మాటనూ బావ అలాగే విన్నాడు. నేను కర్నూలు వెళ్లిపోయాను.

ఆదివారం పొద్దున నేను తిరిగి వచ్చేసరికి కారు షెడ్డు బయట ఎండలో ఉంది. దాని వైపు నిలకడగా చూడలేకపోయాను. బావ మోచేతుల దాకా ఆకుపచ్చ రంగు.

"ఎట్లుండాది?" అన్నాడు.

నాపరాయికి మెరుపు పైన పూసేది కాదు. పొర అరగదీస్తే లోపలి నుంచి వస్తుంది. బావ కారుకూ అదే చేశాడు. నీళ్లు చల్లుతూ ముందు గరుకు ఎమరీ కాగితంతో, తర్వాత మెత్తటిదానితో, ఆఖరున తెల్ల పొడితో రుద్దాడు. రంగంతా పోయి రేకు తేలిన చోట లారీలకు వేసే ఆకుపచ్చ రంగు కొట్టి, ఆరాక దాన్నీ రుద్దాడు.

"వారమంతా ఇదే పని" అంది అక్క. "నా మొగం ఒగ దినమన్నా ఇంతసేపు చూసినాడేమో అడుగు."

"నీకు పాలిష్ అక్కర్లేదు లేవే."

"ఆ, ముసల్దాన్నయినాక ఇనబడింది ఈ మాట!"

బెంగళూరాయన వచ్చి కారుకు కాస్త దూరంలోనే ఆగిపోయారు. తర్వాత చుట్టూ తిరిగి, ఒక అంచును గోటితో గీకి చూశారు. "కంపెనీ వేసిన పాత రంగు..." అన్నారు.

"బాగా మాసిపోయిండె సార్. అంతా తీసేసినా."

ఆయన గోటికంటిన పొడి దులుపుకున్నారు. "సరే, రంగు పోతే పోయింది. ఇంజను అసలుదే కదా" అని ఆర్.సి. అడిగి బానెట్ ఎత్తారు. లోపల చిన్న అల్యూమినియం రేకు ఒకటి బిగించి ఉంటుంది. కంపెనీ కొట్టిన నంబరు దాని మీదే. ఇప్పుడు అందులో ఆయన ముఖం కనిపిస్తోంది.

"నంబరు ఏదీ?"

బావ వంగి చూశాడు. "ఇది నల్లగా ఉండె సార్. ఒగ పూటంతా రుద్దినా..."

చాసిస్, ఇంజను మీది నంబర్లను తుప్పు ఎప్పుడో తినేసింది. నా ఫోటోలన్నీ బయటి నుంచి తీసినవే.

"ఆర్.సి.లో నంబరుంది, బండి మీద లేదు. కొన్నా నా పేరు మీదికి రాదు సార్. రోడ్డెక్కించలేను."

"నా పేరుమీదే ఉండనీ నాయనా. నువ్వు తిప్పుకో, సాలు."

"పోలీసులు ఎక్కడ ఆపినా దొంగబండి అంటారు సార్."

‘నేను ముందే చెప్పాను కదా’ అని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. అంటే బాగుండేది. అక్క వడ్డించిన భోజనం తిని, అందరికీ చెప్పి వెళ్లిపోయారు. ఆ తర్వాత నేను కర్నూలులో ఆర్.టి.ఓ. ఏజెంట్ల చుట్టూ తిరిగాను. నంబరు లేని బండికి ఎవరూ దారి చూపలేదు.

నెలాఖరున ఇనుము వ్యాపారి లారీ తెచ్చాడు. కారు చుట్టూ తిరిగి, "ఏం మెరుస్తాండాది పెద్దాయనా! దీన్ని నేను కొయ్యల్నా?" అన్నాడు.

"నువ్వన్నా చూసినావు" అన్నాడు బావ. ఆ నెలలో ఆయన ముఖం వికసించడం అప్పుడే చూశాను.

గ్యాస్ కట్టర్ వెలిగింది. ఇద్దరు మనుషులు బానెట్‌ను చెరో వైపు పట్టుకున్నారు.

"మెల్లగ పట్టండప్పా, గీతలు పడ్తాయి" అన్నాడు బావ.

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దాయన మాట కాదనలేక కాస్త మెల్లగా పట్టుకున్నారు.