డేరా గుడ్డతో కుట్టిన చాప

మా ఇంటి ముందు ఎండ పడకుండా మా అబ్బాయి ఒక పాత ఫ్లెక్సీ కట్టాడు. ఎన్నికలైపోయాక ఎవరికీ అక్కర్లేకుండా పోయిన ఫ్లెక్సీ అది. దాని మీద ఎవరో నాయకుడి ముఖం వానలకి వెలిసిపోయి జోడించిన చేతులు మాత్రం మిగిలాయి. పగలంతా అది బుద్ధిగానే ఉంటుంది. సాయంత్రం సముద్రపు గాలి నెల్లూరు దాకా వచ్చేసరికి టపటపా కొట్టుకోవడం మొదలుపెడుతుంది, దాంతోపాటు నేనూ మొదలవుతాను. చదువుతున్న పేపరు పక్కన పడేస్తాను, పొయ్యి మీద పాలు మరిచిపోతాను, వాకిట్లోంచి వంటింట్లోకీ వంటింట్లోంచి వాకిట్లోకీ ఊరికే తిరుగుతాను. కాలు ఒక్కచోట నిలవదేమిటని కోడలు విసుక్కుంటుంది. నా ఈడువాళ్ళలో కాలువగట్టున పెరిగినవాళ్ళకైతే ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. గాలి లేచిందంటే ఏదో ఒక పడవ కదలాలి, కదలకపోతే ఇంట్లో ఎవరికీ మనసు మనసులో ఉండదు.

వాకాడు దగ్గర, మద్రాసు దాకా పోయే కాలువలో మా నాయనకు ఒక సరుకు పడవ ఉండేది. తాత చేయించిన పడవ, వయసులో నాయనకంటే పెద్దది. సరుగుడు కట్టెలు, ఉప్పు వేసుకుని మద్రాసు వెళ్ళడం, తిరిగి వచ్చేటప్పుడు దొరికిన సరుకు తెచ్చుకోవడం, ఇదీ నాయన బతుకు. వెళ్ళొచ్చిన ప్రతిసారీ అక్కడి మేడల గురించీ, రేవులో ఓడల గురించీ, తిరిగే పెద్ద దీపం గురించీ చెప్పేవాడు. వింటుంటే నా అరికాళ్ళు దురద పెట్టేవి. ఇంట్లో కుదురుగా కూర్చోవడం నాకు ఆ వయసులోనే చేతకాలేదు, ఇప్పుడెక్కడ వస్తుంది. నన్నూ తీసుకుపొమ్మని అడిగీ అడిగీ నోరు నొప్పి పుట్టింది గానీ, ఎదిగిన పిల్ల పడవెక్కడమేమిటని అమ్మ ఎప్పుడూ అడ్డమే.

ఒక వేసవిలో గాలిదుమారం వచ్చి పడవ తెరచాప మళ్ళీ అతకడానికి వీల్లేకుండా నిలువునా చిరిగిపోయింది. చాప లేకపోతే పడవని గట్టు మీదినుంచి తాడేసి మనుషులు లాగాలి. అలా ఈడ్చుకుంటూ పోతే కట్టెలు చేరేసరికి వాటిని కొనే మద్రాసు షావుకారు పొయ్యి ఆరిపోతుంది. అప్పటికే రోడ్డున లారీలు పడ్డాయి. ఈ వానలకి ముందు ఎప్పటిలా సరుకు అందించకపోతే లారీకే వేస్తానని ఆయన కబురు చేశాడు. ఇంకొకాయన ఏకంగా వచ్చి, పడవని చెక్కల లెక్కన ఇచ్చేస్తావా అని అడిగాడు. నాయన ఆ మనిషికి మజ్జిగ ఇప్పించి పంపేశాడు గానీ, ఆ పూట అన్నం దగ్గర కూర్చుని కలపకుండా లేచాడు. లేచి నా మిషను దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నేను అప్పటికే ఊళ్ళో ఆడవాళ్ళకి రవికలు కుట్టి ఇస్తుండేదాన్ని.

"చాప నువ్వు కుట్టు పాపా. అది గాలి పట్టిందంటే నిన్ను మద్రాసు దాకా ఎక్కించుకోని పోతా" అన్నాడు.

అమ్మ అంతా విని, ఆ ఒక్కసారి అడ్డం రాకుండా నాయన కంచం ఎత్తుకుని లోపలికి వెళ్ళింది.

గుడ్డ కోసం నాయనా నేనూ తిరగని చోటు లేదు. నెల్లూరు బజారులో చాపలకి వాడే కొత్త దళసరి కిత్తాను గుడ్డని చేత్తో తడిమి చూసి, ధర విని, తడిమినందుకే సిగ్గుపడి బయటికి వచ్చాం. చేపలు పట్టే పట్టపువాళ్ళ పేటలో పాత చాపలున్నాయని వెళితే అవి తెప్పలకి సరిపోయే చిన్నవి, పట్టుకుంటే పొడి రాలుతున్నాయి. రొట్టెల బట్టీలో మైదా సంచులు చూశాం, వాటికి వానపాము బరువు మొయ్యడానికి కూడా బలం లేదు. నాయన ఒక్కో చోటినుంచి బయటపడ్డప్పుడల్లా ఆకాశంకేసి చూసి గాలి ఎటు తిరుగుతోందో లెక్క చూసుకునేవాడు. నాకైతే బస్సు ఆగిన ప్రతిచోటా దిగి నడిచేద్దామనిపించేది.

చివరికి దొరికింది ఎక్కడంటే, విడవలూరు వైపు ఒక టూరింగ్ టాకీసు మూతపడింది, దాని డేరా గుడ్డ! ఆ డేరాలో నేల మీద కూర్చుని సినిమాలు చూసినవాళ్ళు మీలో ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. లోపల ఇంకా వేరుశనగ పొట్టు వాసన, బీడీల వాసన. పైకి చూస్తే గుడ్డ నిండా బీడీలు కాల్చిన బెజ్జాలు, వాటిలోంచి పగటి వెలుతురు చుక్కలు చుక్కలుగా దిగుతోంది. గుడ్డ మాత్రం దళసరిది, లాగితే లొంగలేదు. ఆ టాకీసాయన బల్లలూ సినిమా మిషను పెట్టెలూ కాలువ మీద కొత్త యజమానికి చేర్చాల్సి ఉంది. నాయన వాటిని పడవలో గడ వేసి నెట్టుకుంటూ చేరుస్తానన్నాడు, ఆయన డేరా విప్పుకోమన్నాడు. చేరవేతకి గుడ్డ, బేరం అక్కడికక్కడే తెగింది.

ఇక కుట్టడం. చాపలు కుట్టే ముసలాయన పోయి రెండేళ్ళయింది, ఆయన కొడుకులు లారీలకి టార్పాలిన్లు కట్టే పనిలో పడ్డారు. అందుకని చిరిగిన చాపనే కొలతకి పెట్టుకుని నేనూ అమ్మా దిగాం. అమ్మ పుట్టింటివాళ్ళు దూది ఏకి పరుపులూ బొంతలూ కుట్టేవాళ్ళు. ఆ ఇంటి ఆడవాళ్ళకి గుడ్డలో ఉబ్బు కనిపిస్తే పంటి కింద రాయి పడ్డట్టే. పాత చాపని వాకిట్లో పరిస్తే అది నేలకి ఆనదు, నడుమ లేచి కూర్చుంటుంది. పాతబడి సాగిపోయిందనుకున్నాం. నేనొక పక్క, అమ్మొక పక్క దాని మీద కూర్చుని, మోకాళ్ళతో అణిచి, ఒక్క ముడత లేకుండా చేసి మరీ కొలత తీసుకున్నాం. బీడీ బెజ్జాల మీద అమ్మ మాసికలు వేసి బొంత కుట్టు కుట్టింది. పట్టెలన్నీ నేను మిషను మీద కలిపాను. కుళ్ళకుండా తంగేడు చెక్క కషాయంలో ముంచి ఆరేశాం. ఆరిన చాప పెళ్ళివారి దుప్పటిలా చదునుగా ఉంది, చూసి అమ్మ మురిసిపోయింది. నేను నా బట్టలు అప్పుడే మూట కట్టుకున్నాను.

నాయన బిస్మిల్లా అని తాడు లాగి చాప ఎత్తాడు. గాలి బాగానే ఉంది. చాప దడదడా కొట్టుకుంది, పలకలా బిగుసుకుంది, పడవ ముందుకి పోనని మొరాయించి అడ్డంగా జరుగుతూ పోయి పడమటి గట్టు బురదలో కూర్చుంది. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. గట్టు మీద జనం చేరారు. పడవకి బొంత కప్పినావు, అది నిద్రపోక ఏం చేస్తుందని మా చిన్నాయన అంటే అందరూ నవ్వారు. నాయన కూడా నవ్వాడు గానీ, తర్వాత ఇంట్లో నా ముందు నిలబడి రెండు చేతులూ దోసిలి పట్టి చూపించాడు.

"గాలి వచ్చి కూర్చోవాల గదా పాపా. దానికి చోటే పెట్టలేదు మీరు."

ఆ చోటు ఎలా పెట్టాలో ఆయనకీ తెలియదు. రెండు రోజులు నాకు తిండి సహించలేదు. మూట విప్పబుద్ధి కాదు, కట్టి ఉంచబుద్ధీ కాదు. చెక్కల ఆయన మళ్ళీ గట్టు మీద కనిపిస్తున్నాడు. ఏం తోచక, ఎవరిదో రవిక సగంలో ఆగి ఉంటే పూర్తి చేద్దామని కూర్చున్నాను. టక్కులు వేస్తున్నాను, అంటే గుండె దగ్గర గుడ్డకి గుండ్రం రావడానికి అంచున లోపలికి మడిచి, పోనుపోను సన్నం చేస్తూ వేసే కుట్లు. వేస్తూ వేస్తూ చెయ్యి ఆగిపోయింది. లేచి రవికని అలాగే వదిలేసి చాపని వాకిట్లోకి ఈడ్చాను.

పట్టెల్ని కలిపిన ప్రతి కుట్టూ రెండు కొసలా విప్పాను. అంచు దగ్గర రెండు వేళ్ళ వెడల్పు లోపలికి తీసుకుని, నడుమకి వచ్చేసరికి ఏమీ లేకుండా తగ్గించుకుంటూ మళ్ళీ కుట్టాను. పని అయ్యేసరికి చాప నేలకి ఆనకుండా నడుమ లేచి కూర్చుంది, అచ్చం పాతదానిలాగే. అమ్మ దాన్ని అణచబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఈ కుట్టు ఎక్కడ నేర్చుకున్నావని నాయన అడిగాడు. తండ్రికి ఏమని చెప్పను? మిషను నేర్పిన అక్క చెప్పిందన్నాను. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఈసారి నాయన నన్ను లాకుల దాకా ఎక్కించుకున్నాడు, కుట్లు ఎక్కడైనా బిగుసుకుంటే సరిచెయ్యాలన్న వంకతో. ఎదిగిన పిల్ల మగవాళ్ళ మధ్య ఒంటరిగా పోకూడదని అమ్మ గట్టు మీద పడవకి సమంగా నడుస్తూ వచ్చింది. గాలి వచ్చింది. చాప మెల్లగా నిండింది, చప్పుడు లేదు. పడవ కింద నీళ్ళు గలగలమన్నాయి. నేను కట్టెల మోపు మీద నిలబడి చూస్తుండగానే అమ్మ నడక పరుగైంది, పరుగు చాలక ఆగిపోయింది, చిన్నదైపోయింది. అంత దూరంనుంచి కూడా ఆమె చెయ్యెత్తి పొమ్మని ఊపడం నాకు తెలిసింది. నా జన్మలో అంత సంతోషం మళ్ళీ ఎరగను, ఉన్నమాట చెబుతున్నాను.

లాకుల దగ్గర నన్ను దించి, వచ్చే తూరి మద్రాసేనని నాయన నవ్వుతూ వెళ్ళాడు. చెక్కల ఆయన మళ్ళీ రాలేదు. ఆ చాపతో పడవ ఇంకో మూడేళ్ళు నడిచింది. నా వచ్చే తూరికి మాత్రం ముందు షావుకారు కట్టెలతో చోటు నిండిపోయింది, తర్వాత నాకు పెళ్ళి కుదిరింది, ఆ తర్వాత తుపానుకి గట్లు తెగి కాలువ ఇసకతో పూడింది. తవ్వుతారని నాయన పోయేదాకా ఎదురుచూశాడు.

మద్రాసు నేను చాలాసార్లే వెళ్ళాను. రైల్లో వెళ్ళాను, బస్సులో వెళ్ళాను, మా ఆయన్ని తీసుకుని అంబులెన్సులోనూ వెళ్ళాను. ఇప్పుడు పేరు మారింది, రోడ్డు మారింది, తెల్లారి బయల్దేరి చీకటి పడకముందే ఇంటికి రావచ్చు. ఇంత తొందరగా చేరే చోటు కోసం అప్పుడు అంత తపించానా అనిపిస్తుంది. కానీ మద్రాసు చూశావా అని ఎవరైనా అడిగితే, నోట్లోంచి ఇంకా లేదనే వస్తుంది.

మా అబ్బాయి ఫ్లెక్సీని నాలుగు మూలలా బిగదీసి కట్టాడు, నేనూ అమ్మా కుట్టిన మొదటి చాపలాగా. చీకటి పడేముందు నేను స్టూలెక్కి ఒక మూల తాడు కొంచెం వదులు చేస్తాను. అప్పుడది కొట్టుకోవడం మాని నిండుతుంది, నేనూ వచ్చి కూర్చుంటాను. పొద్దున్నే కోడలు చూసి, "అత్తా, మళ్ళీ నువ్వే వదులు చేసినావా?" అంటుంది.

గాలికి వదులైపోయి ఉంటుందిలేమ్మా అంటాను.