ఖాళీ గుండ్రాల ఫ్లెక్సీ

చనిపోయినవారి సంస్మరణ సభలో బతికున్నవారి ఫొటోలే పెద్దవిగా ఎందుకుంటాయని మీరెప్పుడైనా అడిగారా?

నేను అడిగాను. కాలేజీలో డిబేట్ జట్టును నడిపిన ఆ ఏడాది నా ప్రధాన వృత్తి అడగడమే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నాజీలు పోలెండులో నడిపిన మృత్యుశిబిరానికి విముక్తి లభించినది జనవరి ఇరవై ఏడున, అంటే మన రిపబ్లిక్ డేకి మర్నాటి తేదీన. ప్రపంచం తలచుకునే ఆ రోజును బెజవాడ కాలేజీ ఎందుకు తలచుకోకూడదని ప్రిన్సిపాల్ గారితో వాదించి గెలిచాను. ఆయన హాలిచ్చారు, ఒక షరతు మీద: ఫ్లెక్సీలో కరస్పాండెంట్ గారితో సహా యాజమాన్యం ఫొటోలన్నీ ఉండాలి. లేకపోతే వచ్చే ఏడాది ఈ సభ ఊసే ఎత్తకూడదు.

వన్ టౌన్‌లో ఫ్లెక్సీలు వేసే కొట్టు యజమాని కంప్యూటర్ మీంచి తల తిప్పకుండానే అడిగాడు.

"బర్త్‌డే ఎవరిదండీ?"

"బర్త్‌డే కాదండీ, విముక్తి దినం."

"అయితే కింద శుభాకాంక్షలు కొట్టేద్దాం. జెండా పండగ డిజైన్ రెడీగా ఉంది, తేదీ మార్చితే సరి."

శుభాకాంక్షలు ఎందుకు కూడదో చెప్పాను. సైనికులు వచ్చేసరికి అక్కడ మిగిలినవారు చాలావరకు నడవలేని రోగులే. లక్షల మంది, అత్యధికులు యూదులు, అప్పటికే హతులు. ఎందరికో పేరైనా మిగలలేదు.

ఆయన మౌస్ వదిలేశాడు. "మరి ఈ సార్ల ఫొటోలు ఉంచాలా?"

షరతు గుర్తుంది. అయినా "తీసేయండి" అన్నాను. ప్రత్యర్థికి చెప్పాల్సిన జవాబు వేదిక మీద దొరుకుతుందని డిబేటర్లకుండే ధీమా అది.

ఆయన ఫొటోలు తీశాడు. ఫొటోలు మాత్రమే తీశాడు. బంగారు అంచు, చుట్టూ పూలు ఉన్న గుండ్రాలు ఖాళీగా అలాగే ఉన్నాయి. గుండ్రాలు లేని ఫ్లెక్సీ మా ఊళ్ళో ఎవరి ఊహకూ అందదు. వేరేది వేయించే వ్యవధి లేదు.

మర్నాడు, ముందురోజు జెండా పండగకు కట్టిన మూడు రంగుల బెలూన్ల కింద, కరస్పాండెంట్ గారు దాని ముందు నిలబడ్డారు.

"నా ఫొటో ఏదమ్మా?"

"సార్ ఆబ్సెంట్ రా," అన్నారు వెనక బెంచీల్లో ఎవరో. హాలంతా నవ్వు. ముందు వరుసలోని ఫస్టియర్ అమ్మాయి నిజంగానే అడిగింది: "అక్కా, వాటిల్లో ఎవరుండాలి?"

"చనిపోయినవాళ్ళు. ఫొటో, పేరు ఏవీ మిగలనివాళ్ళు."

నవ్వు ఆగింది. మా హాల్లో రెండు నిమిషాల మౌనం ఎప్పుడూ దగ్గులతో అరనిమిషానికే ముగిసేది. ఆ రోజు మౌనం పాటించమని ఎవరూ ప్రకటించలేదు, ఎవరూ దగ్గలేదు. "ఈ శుభ సందర్భంలో" అని మొదలయ్యే తన ఉపన్యాసాన్ని కరస్పాండెంట్ గారు మడిచి జేబులో పెట్టుకున్నారు. వెళుతూ నా దగ్గర ఆగారు.

"ఆ చివరి గుండ్రం వంకరగా ఉందమ్మా. వచ్చే ఏడాది సరిగ్గా వేయించు."

కాబట్టి మిమ్మల్ని కోరేది ఒక్కటే. వచ్చే జనవరిలో మీ కాలేజీలోనో, మీ వీధిలోనో ఈ సభ పెట్టండి. ఫ్లెక్సీ వేయించండి. మీ ఫొటో మాత్రం ఇవ్వకండి.