అత్తయ్య పలకరించిన రైడర్

బ్రేకుల్లేని బైకులు మట్టి చిమ్ముకుంటూ తిరిగే స్పీడ్‌వే పందేలకు నేను ఐదేళ్లుగా వెళ్తున్నాను. అక్కడ ఒక రైడర్ అంటే నాకు ప్రాణం. పందేలయ్యాక అభిమానులను బైకుల దగ్గరికి వెళ్లనిస్తారు గాని, అతన్ని పలకరించడానికి ఎప్పుడూ నాకు నోరు పెగల్లేదు.

పోయిన వేసవిలో, విజయవాడ నుంచి ఈ దేశానికి, మేముండే టకానినికి వచ్చిన అత్తయ్యను తీసుకెళ్లాను. ఆవిడ నేరుగా అతని దగ్గరికెళ్లి, సంచిలోంచి జంతికలు తీసి చేతిలో పెట్టారు.

“ముందు తిను బాబూ, అలిసిపోయావు.”

తెలుగు ఒక్క ముక్క అర్థం కాకపోయినా అతను నవ్వుతూ తిన్నాడు. ఆవిణ్ణి తన బైకు మీద కూర్చోబెట్టాడు.

“ఫొటో తియ్యమ్మా,” అన్నారు అత్తయ్య.

తీశాను. కడుపు రగిలిపోయింది.

తర్వాతి పందేలకు ఒక్కదాన్నే వెళ్లి, ధైర్యం చేసి పలకరించాను.

“మీ అత్తగారు రాలేదా?” అని అడిగాడు.

ఇండియా వెళ్లిపోయారని చెప్పాను. ఆవిడ టకానినిలో, మా ఇంట్లోనే ఉన్నారు.