తలూపిన జవాబు

రోలా బజారులో ఎక్కిన టాక్సీలో తలాడించే బొమ్మను చూడగానే చిన్నప్పటి కరోనా రోజులు గుర్తొచ్చాయి. మెల్‌బోర్న్‌లో ఉన్న పిన్ని కూతురికి వినపడదు. దానితో కబుర్లాడాలని నేను అక్కడి సైగల భాష అయిన ఆస్లాన్‌ను వీడియోలో పిన్ని దగ్గర నేర్చుకునేదాన్ని.

"చేతి ఆకారం, చోటు, కదలిక, ముఖం కలిస్తేనే సైగ, అమ్మడూ!" అనేది పిన్ని.

మొదటిసారి చెల్లి "నాతో ఆడతావా?" అని సైగ చేసింది. చేతులతో "ఆడతా" అంటూ, అలవాటుగా తల అటూ ఇటూ ఊపాను. దాని మొహం వాడిపోయింది.

"చేతులు సరేనంటుంటే నీ తల వద్దంటోందే!" అంది పిన్ని.

"మనోళ్ళు ఒప్పుకునేదే అలాగ కదే!" అంది వంటింట్లోంచి అమ్మ.

తల నా మాట వింటేగా! చివరికి అమ్మే వచ్చి కదలకుండా పట్టుకుంటే మళ్ళీ సైగ చేశాను. చెల్లి పకపకా నవ్వింది.

ఇప్పుడు నా తల కుదురుగానే ఉంటోంది. చెల్లే, నాకు సరేనని చెప్పాలంటే చేతులు కదపకుండా తల అటూ ఇటూ ఊపుతుంది.