తోటలో కోసిన చాసిస్: అస్కర్ నుంచి బుదైయాకు ఒక శుక్రవారం

ఎనభైల మధ్యలో నేను అస్కర్ క్యాంపులో ఉండి షట్టరింగ్ వడ్రంగిగా పని చేసేవాణ్ణి. బహ్రెయిన్ అంటే నాకు క్యాంపు, సైటు, సెలవునాడు మనామా బజారు. ఒక శుక్రవారం బుదైయా తోటల దాకా పోవడానికి కారణం రాజేశం. మావి పక్కపక్క ఊళ్లు. అతను బుదైయాలో తనకు వీసా ఇచ్చిన యజమాని, ఒక బహ్రెయినీ కఫీల్ దగ్గర వెల్డరు. కఫీల్ తండ్రి ఒకప్పుడు కూరగాయలు తోలిన అమెరికన్ పికప్ తోటలో మూలన పడి ఉంది. దాని బాడీని కొత్త స్పోర్ట్స్ కారు చాసిస్ మీద కూర్చోబెట్టాలని కఫీల్‌కు పట్టింది. ఆ శుక్రవారం చాసిస్ మీదికి క్యాబిన్ దింపాలి, ఒక మనిషి కావాలి. "క్యాబిన్ కూసున్ననాడు నీకు ఛుట్టీ అన్నడే కఫీల్. మూడేండ్లయింది ఇంటికి పోక. జర రా అన్నా" అని రాజేశం అంతకు ముందు వారం బజారులో నన్ను అడిగాడు.

ఉదయం ఆరున్నరకు కాంట్రాక్టరు వ్యాను మనామాకు పోతుంది, దానికి టికెట్టు లేదు. మనామాలో దిగి బస్సు ఎక్కాలి. బుదైయాకు యాభై ఫిల్సులు, అరగంట దారి. ఎక్కడ దిగాలో నాకు తెలియదు. పికప్ తయారు చేస్తున్న తోట అని నాకు వచ్చిన ఉర్దూలో చెబితే ముసలి డ్రైవరు అద్దంలోంచి చూసి "వో పాగల్ గాడీ?" అన్నాడు, ఆ పిచ్చి బండేనా అని. అవునన్నాను. తోట సందు మొదట్లోనే దింపాడు. అక్కడి నుంచి ఖర్జూరం చెట్ల మధ్య పది నిమిషాల నడక. చేరేసరికి ఎనిమిదిన్నర.

కఫీల్ కొన్న ఆ స్పోర్ట్స్ కారు వెనక భాగం యాక్సిడెంటులో నుజ్జయిందట. ఫైబర్ బాడీ తీసి పారేస్తే కింద ఇనుప చాసిస్, ఇంజను, గేర్‌బాక్సు, చక్రాలు మిగిలాయి. పికప్ బాడీకి ఆ చాసిస్ మూరెడు పొట్టి. రాజేశం దాన్ని నడిమికి కోసి, రెండు పక్కలా నలుపలకల ఇనుప గొట్టం ముక్కలు చేర్చి, లోపల మరో ముక్క దూర్చి వెల్డింగు చేశాడు. వెల్డింగు చక్కగా ఉంది. చాసిస్ నాలుగు సిమెంటు దిమ్మెల మీద ఉంది. పక్కనే పైపుల స్టాండుకు బరువులెత్తే గొలుసు కప్పీ, చైన్ బ్లాకుతో క్యాబిన్ వేలాడుతోంది.

మా ఇంట్లో ఎడ్లబండ్లు చేసేవాళ్లు. చట్రం మీద ఏదైనా పెట్టేముందు ఎదురెదురు మూలలకు రెండు దారాలు కట్టి చూడడం మా అలవాటు. నడిమిట్ల దారాలు ఒకదాన్నొకటి తాకాలి. తాకకపోతే చట్రం మెలి తిరిగినట్టు. ఇక్కడా కట్టాను. తాకలేదు. మధ్య నా చూపుడు వేలు పట్టింది. ఎడమ వెనక దిమ్మె కింద మట్టి పచ్చిగా ఉంది. జాకీతో ఆ మూల లేపి చూసినా దారాల మధ్య ఎడం పోలేదు.

తోటపని చూసే కరీం భాయ్‌ని రాజేశం నీళ్ల సంగతి అడిగాడు.

"పానీ? రోజ్ సుబే దేతా హూఁ" అన్నాడు కరీం భాయ్. రోజూ పొద్దున పారిస్తాడట. వెల్డింగు చేసిన రోజు కూడా పారించాడు. అప్పుడే దిమ్మె దిగింది, చాసిస్ వంగింది, వంగినట్టే అతుక్కుంది.

రాజేశం ఆ దారాల పక్కన కూర్చుని, మధ్యలో తన వేలు కూడా పెట్టి చూశాడు.

"క్యాబిన్ దించినంక గిది ఎవనికి కనవడ్తది?" అన్నాడు.

"కనవడది. బండి ఒక దిక్కు గుంజుతది" అన్నాను.

"జర గుంజితే ఏమైతది?"

"ఎడ్లబండైతే ఎడమ ఎద్దు సర్దుకునేది. దీనికి ఎడ్లు లెవ్వు గదా, రాజేశం."

"క్యాబిన్ వట్టుకుంటవని పిలిస్తే దారం వట్టుకొస్తివి. నిన్ను పిలుసుడే తప్పయింది" అన్నాడు.

పదకొండుకు కరీం భాయ్ నమాజుకు పోయాడు. కఫీల్ నమాజు తర్వాత వస్తాడు. రాజేశం రెండు బీడీలు తాగాడు. తర్వాత గ్రైండరు వైరు లాగి, నన్ను దూరం జరగమని, తన వెల్డింగును తానే కోశాడు. ఒక పక్క కోసి ఆగలేదు, రెండో పక్కా కోశాడు. గంటకు పైగా పట్టింది. చాసిస్ మళ్లీ రెండు ముక్కలైంది.

ఒంటిగంటన్నరకు కఫీల్ పెద్ద పళ్లెంలో అన్నం, చేపతో వచ్చాడు. క్యాబిన్ ఇంకా గాలిలోనే ఉంది.

"ఆజ్ ఖలాస్ బోలా థా" అన్నాడు, ఇవాళ అయిపోతుందన్నావు గదా అని.

"ఖలాస్ నహీ, ముదీర్. టేఢా థా. మై కాటా" అన్నాడు రాజేశం. అయిపోలేదు, వంకరగా ఉంటే తానే కోశానని యజమానికి చెప్పాడు.

కఫీల్ కోసిన చోట వేలు పెట్టి చూశాడు. ఎన్ని రోజులని అడిగాడు. ఈ పనికి శుక్రవారాలే దొరుకుతాయి కాబట్టి రాజేశం రెండు నెలలన్నాడు.

"ఛుట్టీ భీ దో మహీనా బాద్" అన్నాడు కఫీల్. సెలవూ రెండు నెలల తర్వాతేనట.

"మాలూమ్" అన్నాడు రాజేశం.

తర్వాత, నమాజు నుంచి తిరిగొచ్చిన కరీం భాయ్‌తో కలిసి నలుగురం ఒకే పళ్లెంలో తిన్నాం. నాలుగు గంటల బస్సుకు మనామా చేరి, అక్కడి నుంచి షేరు టాక్సీలో అస్కర్ వచ్చాను.

రెండు నెలలన్నది అయిదు నెలలైంది, రాజేశం సెలవూ అంత వెనక్కి జరిగింది. ఆ లోపల నాకు సెలవు వచ్చి ఊరికి పోయాను. రాజేశం పంపిన సబ్బులు, చీర ఇయ్యడానికి అతని ఇంటికి వెళితే, అతని భార్య నీళ్లిచ్చి "సేటు ఇడుస్తలేడా అన్నా?" అని అడిగింది. ఇడుస్తలేడన్నాను. చేతికొచ్చిన సెలవును మీ ఆయనే కోసుకున్నాడని చెబితే ఆమెకు ఎట్లా వినబడుతుందో నాకు తెలియలేదు. ఆ పికప్ తర్వాత నడిచింది, స్టీరింగు వదిలినా సూటిగా పోయిందని రాజేశం చెప్పాడు. నేను ఎక్కలేదు. ఆమె ముందు ఆ కఫీల్ మీద వేసిన మాటను మాత్రం ఇప్పటిదాకా వెనక్కి తీసుకోలేదు. ఇట్లాంటి బండి పని చూడబోయేవారికి, చేయబోయేవారికి ఒక సంగతి: తోట నేల మీదైతే దిమ్మెల కింద వెడల్పాటి ఇనుప ప్లేట్లు వేయండి, వెల్డింగుకు ముందు నీళ్లు పారించే మనిషిని కలవండి.