తోక పొట్టి సంతకం

మా నాన్నకు సంతకం నేర్పింది నేను. అప్పుడు మూడో తరగతిలో ఉన్నాను. రాయపూర్ గుఢియారీలో, రైలు పట్టాల పక్కన మా ఒంటిగది ఇంట్లో, నా పలక మీద ఆయన పేరు తెలుగులో రాసి దిద్దించాను. ఆయనకు అక్షరాలు రావు. ఆ పేరొక్కటే, ముగ్గు వేసినట్టు గీసేవాడు. చివరి అక్షరం కొమ్మును వెనక్కి తిప్పి, పేరు కింద మొదటి దాకా తోక లాగేవాడు. ఆ తోక నేను నేర్పలేదు, ఆయన సొంతం.

గూడ్స్ షెడ్డులో సిమెంటు బస్తాలు మోసేవాడు. వారం కూలి ఇచ్చేటప్పుడు మున్షీ అందరి ముందుకూ సిరా డబ్బా తోసేవాడట. మా నాన్న దాన్ని పక్కకు నెట్టి, జేబులోంచి సొంత పెన్ను తీసేవాడు. "నానేటి, ఏలిముద్రగాడినేటి?" అని ఇంటికొచ్చి చెప్పి నవ్వేవాడు. శ్రీకాకుళం వైపు నుంచి పొట్ట చేత పట్టుకుని రాయపూర్ వచ్చిన మనిషికి అంతకంటే గొప్ప లేదు.

ఆ చెయ్యే పడిపోయింది. పక్షవాతం వచ్చి కుడి కాలూ, కుడి చెయ్యీ, మాటలో సగమూ పోయాయి. అమ్మ అప్పటికే లేదు. శంకర్ నగర్‌లో ఒక ఆఫీసులో చేస్తున్న పని మానేసి నేను ఆయన దగ్గరే ఉండిపోయాను. దేవేంద్ర నగర్ నుంచి ఒకావిడ రోజూ వచ్చి కాలూ చెయ్యీ ఆడించేది. మొదటి నెలలే ముఖ్యమని, అప్పుడు కదిలితే కదిలినట్టని, తర్వాత కష్టమని ఆవిడా చెప్పింది, డాక్టరూ చెప్పాడు. ఆవిడ రావడం ఆగకుండా ఉండాలని వికలాంగుల పింఛనుకు అర్జీ పెట్టాను.

కౌంటర్లో గుమాస్తా ఫారం వెనక్కి తోసి, "దస్తఖత్ యా అంగూఠా," అన్నాడు. సంతకమో, వేలిముద్రో కావాలి. అతని పక్కనే సిరా డబ్బా ఉంది. అలాంటిది ఇంటికి తీసుకెళ్లి మా నాన్న ముందు పెట్టడానికి నాకు చేతులు రాలేదు. బయటికొచ్చి, గోడకు ఫారం ఆనించి, ఆయన సంతకం నేనే పెట్టేశాను. నేర్పినదాన్ని, నాకు రాకపోతుందా? తెలుగు సంతకం, ఈ ఆఫీసులో చదివేవాడెవడు అనుకున్నాను. ఇంటికొచ్చి, "దీనికి సంతకం అక్కర్లేదంట నాన్నా," అని చెప్పాను.

ఆ తర్వాత ఏడు నెలలు తిరిగాను. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టు, ఇవ్వరు, రాదని కూడా చెప్పరు. మూడో నెలలో చెయ్యి ఆడించే ఆవిడ రావడం మానేసింది. ఆవిడ తప్పేం లేదు, ఊరికే ఎన్నాళ్లని వస్తుంది? చూసి నేర్చుకున్నంతలో నేనే ఆడించేదాన్ని. నాకు ఓపిక తక్కువ. "కొంచెం నువ్వూ ప్రయత్నం చెయ్యి నాన్నా," అని కసురుకునేదాన్ని. ఆయన తల తిప్పుకునేవాడు. ఆ కసురు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఏడో నెలలో గుమాస్తా మారాడు. కొత్తతను ఫైలు తీసి అసలు సంగతి చెప్పాడు. విచారణకు మా ఇంటికొచ్చిన మనిషి, కుడి చెయ్యి పూర్తిగా పోయిందని రాసుకున్నాడు. ఫారం మీద సంతకమేమో నిక్షేపంగా ఉంది. అనుమానమని రాసి మూలన పడేశారు. "రాయలేని మనిషికి ఇంట్లోవాళ్లు సంరక్షకులుగా సంతకం పెట్టొచ్చు కదా. మీ పేరే రాయాల్సింది," అన్నాడు. నా సంతకం నేను పెట్టి ఉంటే సరిపోయేది. ఆ బల్ల దగ్గరే కొత్త ఫారం నింపి నా పేరు రాశాను. పై నెల నుంచి పింఛను మొదలైంది, కానీ అది అప్పటిదాకా చేసిన అప్పులకే సరిపోయేది.

అక్కడితో ఊరుకుంటే పోయేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అనుమానమొస్తే ఒక్క కబురైనా చెయ్యరా, మనిషి చెయ్యి చచ్చుబడిపోతుంటే ఏడు నెలలు నోరు మూసుకుని కూర్చుంటారా? మొదటి అర్జీ తేదీ నుంచే పింఛను ఇవ్వాలని పై అధికారికి రాశాను. ఆ నెలలవి వస్తే ఆవిణ్ని మళ్లీ పిలవొచ్చు, ఆలస్యమైనా నాలుగు వేళ్లు కదులుతాయేమోనని నా ఆశ. తండ్రిని వెంటబెట్టుకుని రమ్మని జవాబొచ్చింది.

అధికారి నెమ్మదైన మనిషి. నాన్నకు తనే కుర్చీ జరిపింది. పాత ఫారం మా ముందు పెట్టి హిందీలో అంది, "మీకు చెప్పకపోవడం మా తప్పే. మొదటి తేదీ నుంచి ఇప్పించగలను. కానీ ఈ సంతకం ఎవరిది?"

ఆయనదంటే, ఎదురుగా వేలాడుతున్న చెయ్యి ఉంది. నాదంటే, ఆ అర్జీయే చెల్లదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి, రెండూ నేను తవ్వుకున్నవే.

నాన్న ఆ సంతకాన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. "మేరా," అన్నాడు ముద్దముద్దగా, అది తనదేనని.

అధికారి ఒక తెల్లకాగితం, పెన్ను అందించింది. ఆయన ఎడమచేత్తో పట్టుకున్నాడు. మొదటి అక్షరం సగంలో పెన్ను జారింది. మళ్లీ పట్టుకున్నాడు, మళ్లీ జారింది. మూడోసారి పట్టుకుంటుంటే నేనింక చూడలేకపోయాను. "నేనే పెట్టాను," అని చెప్పేశాను.

మొదటి అర్జీ మీది సంతకం తనది కాదని నాన్న చెప్పినట్టు ఆమె ఒక కాగితం రాయించి, చదివి వినిపించి, కింద వేలిముద్ర కావాలంది. సిరా డబ్బా బల్ల చివర ఉంది. నేను కదిలేలోపే నాన్న ఎడమ చెయ్యి చాచి దాన్ని తన వైపు లాక్కున్నాడు. బొటనవేలు అద్ది, ఆమె చూపించిన చోట నొక్కాడు. పింఛను రెండో అర్జీ తేదీ నుంచేనని తేలిపోయింది. ఆ చెయ్యి ఆడించే ఆవిడ ఇక రాదని కూడా అక్కడే తేలింది.

ఇంటికి వస్తూ రైల్వే గేటు దగ్గర ఆటో ఆగినప్పుడు నాన్న అన్నాడు, "తోక పొట్టిగా ఎట్టీసినావమ్మా."

నాకు ఏడుపొచ్చింది. "ఎడంచేత్తో నేర్పుతాను నాన్నా. రేపే పలక కొనుక్కొస్తాను," అన్నాను.

ఆయన సిరా అంటిన బొటనవేలిని కాసేపు చూసుకున్నాడు.

"ఒద్దమ్మా," అన్నాడు. "ఇదే సులువుగున్నాది."