మిక్సీ మోగితేనే నోరు తెరిచేవాడు

ఆ రోజుల్లో అంటే మరీ పాతకాలం అనుకోకండి, ఏడెనిమిదేళ్ళ క్రితం మాటే. ఇంజినీరింగ్ పూర్తయి, హైదరాబాదులో ఉద్యోగం ఖాయమై, వచ్చి చేరమనే కబురు మాత్రం ఎంతకీ రాక, తెనాలిలో మా ఇంట్లో ఖాళీగా కూర్చున్నాను. ఖాళీగా ఉన్నవాడికి పని చెప్పడమంటే మా ఇంట్లో అందరికీ మహా సరదా. అక్క పొద్దున్నే రైలెక్కి బాపట్లలో ఆఫీసుకు వెళ్ళిపోయేది. అమ్మ మోకాలి ఆపరేషన్ చేయించుకుని మంచం మీదే ఉండేది. బావ ఉద్యోగం విశాఖలో. ఇక మిగిలింది నేనూ, అక్క కొడుకు తొమ్మిది నెలల బుడ్డోడూ. "అన్నప్రాసన రోజు మొదటి ముద్ద పెట్టిన మేనమామవి నువ్వే కదరా, మిగతావి కూడా నువ్వే పెట్టు" అని అక్క గిన్నె, చెంచా నా చేతికిచ్చింది. (ఆ రోజు కొత్త చొక్కా పెట్టారని మురిసిపోయానే గానీ, దాని వెనక ఇంత చాకిరీ ఉందని నాకెవరూ చెప్పలేదు.)

ఉగ్గు పెట్టినన్నాళ్ళూ బాగానే సాగింది. కాచడం, చల్లార్చడం, పెట్టడం, మూతి తుడవడం. ఇంతలో డాక్టరుగారు, "ఇంక ఉగ్గు చాలమ్మా, అన్నం పప్పూ చేత్తో మెదిపి, కాస్త పలుకు తగిలేట్టు పెట్టండి, నమలడం రావాలి" అన్నారు. అక్కకి అదెంత అవసరమో అందరికీ తెలుసు. వచ్చే నెల నుంచి బాపట్లలోనే గది తీసుకుని, బుడ్డోణ్ణి పిల్లల్ని చూసుకునే ఒకచోట వదిలి ఆఫీసుకు వెళ్ళాలి. అక్కడ పిల్లలందరికీ ఒకటే అన్నం, ఒకటే పప్పు. "వీడు అక్కడ తినలేదనుకో, నేను రాజీనామా ఇచ్చేయడమేరా" అంది అక్క. ఆ ఉద్యోగం కోసం తను ఎన్నేళ్ళు నిద్ర మానుకుని చదివిందో పక్క గదిలో ఉండి చూసినవాణ్ణి. "నేనున్నాగా అక్కా" అని ఛాతీ విరుచుకుని చెప్పాను.

మర్నాడు మెదిపిన అన్నం మొదటి చెంచా పెట్టగానే వాడు ఓక్‌మన్నాడు. మొహం కందిపోయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను కేకపెట్టి, వాణ్ణి భుజాన వేసుకుని, వీపు నిమురుతూ, ఇల్లంతా పరుగెత్తాను. అరనిమిషంలో వాడు కిలకిలా నవ్వేశాడు గానీ, ఆ పూట నేను మళ్ళీ చెంచా ముట్టుకోలేదు. ఆ మరుసటి రోజు అన్నం, పప్పు, ఉడికించిన క్యారెట్ తీసుకెళ్ళి మిక్సీలో వేశాను. వెన్నలా వచ్చింది. గుటుక్కున మింగాడు. ఇక రోజూ అదే పని. "ఏంట్రా ఆ మోత?" అంది అమ్మ గదిలోంచి. "చట్నీ అమ్మా." "రోజూ పన్నెండింటికి చట్నీ ఏంట్రా, నా పళ్ళెంలోకి ఒక్కరోజూ రాలేదే!"

సాయంత్రం అక్క ఇంట్లో అడుగు పెడుతూనే, "తిన్నాడా?" అనేది. "గిన్నె ఖాళీ అక్కా" అనేవాణ్ణి. (అబద్ధం కాదు, చూసుకోండి.) ఆదివారాలు కూడా "నువ్వు పడుకో, నేను చూసుకుంటా" అని వంటింటి తలుపేసుకుంటే, ఇలాంటి తమ్ముడు ఎవరికుంటాడని అక్క పక్కింటివాళ్ళ దగ్గర మురిసిపోయేది. మూడు వారాలకి ఇంకో ముప్పు వచ్చింది. మిక్సీ గుర్రుమంటే తప్ప బుడ్డోడు నోరు తెరవడం మానేశాడు. గిన్నె సిద్ధంగా ఉన్నా సరే, ఖాళీ జారు ఒకసారి తిప్పాల్సిందే!

ఒకటో తారీకున ముగ్గురం బాపట్ల వెళ్ళాం. పిల్లల్ని చూసుకునే ఆ ఇంట్లో ఆయా రేపల్లె ఆవిడ, మనిషి నిదానం. చాప మీద ఆరుగురు పిల్లలు, ఆరు పళ్ళేలు. బుడ్డోడి ముందూ పళ్ళెం పెట్టింది. వాడు మూతి బిగించాడు. అక్క బతిమాలింది, పాట పాడింది. మొహం తిప్పేసుకున్నాడు. గడియారం చూసుకుంటున్న అక్క మొహం చూడలేక, ఏం చేస్తున్నానో తెలియకుండానే నోటితో "గుర్‌ర్‌ర్" అన్నాను. బుడ్డోడు ఠక్కున నోరు తెరిచాడు. పిల్లలందరూ పగలబడి నవ్వారు. అక్క నవ్వలేదు. "ఇన్నాళ్ళూ మిక్సీలో వేశావా?" అంది నెమ్మదిగా. తిట్టినా బాగుండేది.

"మీరిద్దరూ కాస్త బయట నుంచోండమ్మా" అంది ఆయా. కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాం. ఆవిడ వాడికి చెంచా చూపించనే లేదు, దగ్గరే కూర్చుని వాడి మానాన వాణ్ణి వదిలేసింది. పక్కనున్న పిల్ల తింటుంటే వాడు కాసేపు చూశాడు, పళ్ళెంలో చెయ్యి పెట్టాడు, కలిపాడు, చొక్కాకి రాసుకున్నాడు, చివరికి నోట్లో పెట్టుకున్నాడు. ఓక్‌మన్నాడు. నేను లోపలికి దూకబోయాను. "ఆగండి బాబూ, దగ్గుతున్నాడుగా, నేను చూస్తూనే ఉన్నా. వాడే సర్దుకుంటాడండి" అంది. సర్దుకున్నాడు. మళ్ళీ చెయ్యి పెట్టాడు. అక్క నా భుజం గట్టిగా పట్టుకుని ఏడ్చేసింది, తర్వాత కళ్ళు తుడుచుకుని ఆఫీసుకు పరుగెత్తింది.

తెనాలి రైలెక్కి ఒక్కణ్ణే వచ్చేశాను. సాయంత్రం ఫోన్ చేసింది అక్క. "రెండోసారి కూడా పెట్టించుకున్నాడటరా! ఎవరి కోసమూ ఏడవలేదట!" "నన్ను వెతుక్కోలేదా?" అన్నాను. "లేదురా" అంది సంబరంగా. భయం వాడిది కాదని, మొదటి నుంచీ నాదేనని అప్పటికి అర్థమైంది. అయినా సరే, ఇరవై రెండేళ్ళవాణ్ణి, పది నెలలవాడి మీద అలిగి ఆ రాత్రి అన్నం తినలేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అలక మాత్రం, నిజం చెప్పొద్దూ, ఇంకా కాస్త మిగిలే ఉంది.